హీరోయినప్ప నవ్వు

పోయిన వారం తళి దగ్గరి పల్లె నుంచి ఒకామె హోసూరులో నా స్టూడియోకి వచ్చింది. బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది, పాదాలకు ఎర్రమట్టి అట్లే ఉంది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"మా ఇంటాయన పోయినాడప్పా. దినానికి ఫోటో ఒకటి పెద్దది చేసియ్యల్ల. ఇంట్లో యాడ ఎతికినా ఆయనొక్కడే ఉండే ఒంటి ఫోటో లేదు. నీ తాన ఉంటాదని వస్తిని," అంది.

నేను ఆమెను వదినా అంటాను. పోయినాయన్ను అన్నా అనేవాణ్ణి. చుట్టరికం ఏమీ లేదు, అలవాటు మీద కుదిరిన వరస. చావు కబురు నాకు ముందే తెలుసు. విన్నప్పుడు ఏడుపు రాలేదు. ఆమె మొహంలోనూ ఏడ్చిన జాడ లేదు. ఉండు వదినా వెతుకుతాను అని, పాత క్యాసెట్లు పెట్టే బీరువా తెరిచాను.

ఆయన పేరు రాయను. రాసినా లాభం లేదు, ఆ చుట్టుపక్కల ఆ పేరుతో ఆయన్ను ఎరిగినవాళ్ళు తక్కువ. తళి నుంచి జవళగిరి దాకా అందరికీ ఆయన హీరోయినప్ప. నాటకాల్లో ఆడవేషం కట్టేవాడు గనక హీరోయిన్, పొలమూ బావీ ఉన్న పెద్దరైతు గనక అప్ప. ఎదురుగా పిలిచినా పలికేవాడు. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. ఈయన గురించి మంచి చెప్పడానికి కూర్చుంటే టీ చల్లారేలోగా అయిపోతుంది. అందుకని ఉన్నది చెబుతాను.

నేను స్టూడియో పెట్టిన కొత్తలో, తొంభైల మొదట్లో, ఆయన పాస్‌పోర్టు సైజు ఫోటో కోసం వచ్చాడు. బ్యాంకులో ఏదో పని ఉండిందట. స్టూలు మీద కూర్చున్నాడు, నేను తీశాను, లేచాడు. తలుపు దాకా పోయి వెనక్కి తిరిగాడు. ఎడమకన్ను మూశాడు, మెడ కొంచెం పక్కకు వాల్చాడు, నా గొంతుతోనే "ఎప్పుడు కావాలి మీకు?" అన్నాడు. పెళ్ళి ఆల్బం కోసం వచ్చి కూర్చున్న కుటుంబం కుటుంబం గొల్లుమని నవ్వింది. కెమెరా చేతిలో లేనప్పుడు కూడా నేను ఒక కన్ను మూసి మాట్లాడతానని నాకు ఆ దినమే తెలిసింది. నా పెళ్ళాం కూడా చెప్పని సంగతి అది. ఇంటికి పోయి అద్దం ముందు నిలబడితే నిజమే. ఇప్పటికీ ఎవరితోనైనా మాట్లాడేటప్పుడు రెండు కళ్ళూ తెరిచే ఉన్నాయా అని చూసుకుంటాను.

అట్లాంటి మనిషి. ఎవరిని చూసినా వాళ్ళు దాచుకున్నది పట్టేవాడు. జవళగిరిలో ఒక భూస్వామి పోయినప్పుడు శవం ఇంకా వాకిట్లోనే ఉంది, ఈయన గుంపు వెనక నిలబడి గొంతు సవరించాడు. బాకీ అడిగే ముందు ఆ పెద్దమనిషి సవరించే తీరు అది. కొడుకులిద్దరూ అదిరిపడి వెనక్కి తిరిగారు. పెద్దకొడుక్కి నవ్వు ఆగలేదు, చిన్నకొడుకు కట్టె తీసుకున్నాడు. ఈయన పరిగెత్తుతూ కూడా చిన్నకొడుకు పరిగెత్తినట్టే పరిగెత్తాడని చూసినవాళ్ళు చెబుతారు.

"ఎట్లా పట్టుకుంటావన్నా?" అని నేను ఒకసారి అడిగాను.

"ఎవుర్నైనా బాగా సూడల్లంటే వాళ్ళమింద రవ్వంత కోపముండల్లప్పా," అన్నాడు. "ప్రేమ ఉంటే సగం కనపడదు. కోపముంటే గోరు కూడా కనపడతాది."

ఈ మాట ఆయన చాలాసార్లు అనేవాడు. నాకు గొప్పగా తోచేది. ఆ కోపం ఎవరి మీదో అడగాలని మాత్రం తోచేది కాదు.

ఆయన్ను హీరోయినప్పను చేసిన నాటకాన్ని మా పక్క నవ్వని పిల్ల ఆట అంటారు. ఎవరు రాశారో ఎవరికీ తెలియదు, తాతల కాలం నుంచి ఆడుతున్నారు. జమీందారు కూతురు నవ్వదు. నన్ను నవ్వించినవాణ్ణే కట్టుకుంటానంటుంది. హీరో గాజుల సెట్టిగా వస్తాడు, జోస్యుడుగా వస్తాడు, తలకిందులుగా నడుస్తాడు, జనం పొట్ట పట్టుకుని నవ్వుతారు, పిల్ల మాత్రం నవ్వదు. కడాకు వాడు ఓడిపోయి, పోయేముందు చెంబెత్తి నీళ్ళు తాగుతాడు. పెట్టుడు మీసం చెంబుకు అతుక్కుని మూతి మీద నుంచి ఊడి వచ్చేస్తుంది. వాడికి తెలియదు, మీసం లేని మొహంతో పోయొస్తానమ్మా అంటాడు. అప్పుడు పిల్ల నవ్వుతుంది. ఆట మొత్తం ఆ ఒక్క నవ్వు కోసమే.

ఆ నవ్వు హీరోయినప్ప ఎట్లా నవ్వేవాడంటే, మొదట చెయ్యి లేస్తుంది. పైట కొంగు మూతికి అడ్డం వస్తుంది. ఒళ్ళు సగం తిరిగి, జనానికి భుజం చూపిస్తుంది. భుజాలు రెండూ చెవుల దాకా లేస్తాయి. చప్పుడు ఉండదు. చాలాసేపు ఉండదు. తరువాత గాలి లోపలికి పీల్చుకున్న చిన్న శబ్దం ఒకటి, ఎక్కిలి మాదిరి. కడాకు ముడిచిన వేలితో కన్ను తుడుచుకోవడం. అంతే. దానికి జనం లేచి నిలబడేవాళ్ళు. నేను నాలుగైదు ఊళ్ళలో చూశాను, ప్రతిసారీ ఒళ్ళు జలదరించేది. మగవాడి ఒంట్లోకి ఆ నవ్వు ఎక్కణ్ణుంచి వచ్చిందో అర్థమయ్యేది కాదు.

కేబుల్ టీవీ వచ్చిన తరువాత మా ఊరి కేబుల్ ఓనరుకు సొంతంగా సినిమా ఒకటి తీసి ఉగాదికి వేయాలని బుద్ధి పుట్టింది. నవ్వని పిల్ల ఆటనే వీడియో సినిమాగా తీద్దామన్నాడు. కెమెరా నాది, డైరెక్షన్ కూడా నాదే. అప్పటిదాకా నేను డైరెక్ట్ చేసింది తాళి కట్టే పెళ్ళికొడుకులను మాత్రమే.

ఓనరు మొదటి షరతు, హీరోయిన్‌గా నిజమైన ఆడపిల్ల ఉండాలని. ఆర్కెస్ట్రాలో పాడే అమ్మాయిని కృష్ణగిరి నుంచి పిలిపించాడు. చక్కటి పిల్ల. హీరోయినప్పను నేర్పించమన్నాడు. ఆయన సరేనని నా స్టూడియో వెనకగదిలో ఆ అమ్మాయిని కూర్చోబెట్టి, "ఏదమ్మా, ఒకసారి నవ్వు," అన్నాడు. ఆ పిల్ల గలగలా నవ్వింది. ఆయన వెంటనే అదే గలగల తిరిగి నవ్వి చూపించాడు. తలవెంట్రుక సర్దుకోవడం, పక్కచూపుతో ఓనరు చూస్తున్నాడా అని కనిపెట్టడం, ఏదీ వదల్లేదు. పిల్ల మొహం మాడిపోయింది.

"అమ్మా, నువ్వు ఆడదానివే, ఒప్పుకుంటిని. అయితే నీకు ఆడది రాదు," అన్నాడు.

ఆ అమ్మాయి చెప్పులు చేతిలో పట్టుకుని బస్టాండుకు పోయింది. చెప్పులు ఎందుకు వేసుకోలేదో అడిగేవాళ్ళు కూడా లేరు అక్కడ. ఓనరు నెత్తి కొట్టుకున్నాడు. "టీవీలో గడ్డం కనిపిస్తుందప్పా! నలభై దాటిన గడ్డం!"

"గడ్డం సూసేవోడు నవ్వు సూడడు, నవ్వు సూసేవోడు గడ్డం సూడడు," అన్నాడు హీరోయినప్ప. వేషం ఆయనకే దక్కింది.

షూటింగుకు ముందు చీరలు చూసుకోవడానికి నన్ను వాళ్ళ ఇంటికి రమ్మన్నాడు. నవ్వు సీనుకు నాటకాల చీర వద్దు, ఇంట్లో ఉన్న పెళ్ళిచీర కావాలన్నాడు. వదిన పెట్టె తెరిచి తీసిచ్చింది. ఎర్రది, మామిడిపిందెల అంచు. మడతల్లో ఎండిన వేపాకులు రాలినాయి.

"సినిమా అంటే నాటకం మాదిరే ఉంటాదా అప్పా?" అని అడిగింది నన్ను. "నేను ఆ ఆట ఒక దినం కూడా సూడలేదు. ఈయన రావద్దంటాడు. నేను ముందర కూసుంటే ఈయనకు ఆట రాదంట."

ఆయన చీర అంచు చూస్తూ ఉన్నాడు.

వాకిట్లో వెలుతురు చూద్దామని నేను కెమెరా కాళ్ళ స్టాండు పాతాను. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒక కోడి, ఎగిరి స్టాండు మీద కూర్చుంది. తోలినా పోదు. నా కెమెరా పెట్టాల్సిన చోటు అది, గట్టిగా కొడితే స్టాండు పడిపోతుంది. నేను చేతులు కట్టుకుని, "కొంచిం దిగమ్మా, పనుంది," అన్నాను కోడితో.

వెనక చప్పుడు లేదు. తిరిగి చూశాను. గడప దగ్గర వదిన. కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది, ఒళ్ళు సగం గోడవైపు తిరిగింది, భుజాలు చెవుల దాకా లేచినాయి. చాలాసేపటికి ఎక్కిలి మాదిరి చిన్న శబ్దం. తరువాత ముడిచిన వేలితో కన్ను తుడుచుకుంది.

నేను హీరోయినప్పవైపు చూశాను. ఆయన నన్నే చూస్తున్నాడు.

బస్సు దాకా నాతో నడిచి వచ్చాడు. బీన్స్ చేలు దాటినాక నిలబడ్డాడు.

"సూస్తివి కదా," అన్నాడు.

"చూస్తిని."

"ఎవురితోనూ చెప్పాకు. దానికి తెలీదు. తెలిస్తే నవ్వేది మానేస్తాది. మానేస్తే నేనేం చేసేది? ఇప్పటికీ మర్చిపోతే ఇంటికొచ్చి సూసుకుంటాను. భుజం ముందరా, చెయ్యి ముందరా అని."

"నవ్వాలంటే ఆమెను నవ్వించాలి కదన్నా?"

"నవ్విస్తాను. ఆట ఉండే వారంలో బాగా నవ్విస్తాను." ఇది చెప్పేటప్పుడు ఆయనకు సిగ్గేమీ లేదు, పాలకు ముందు ఆవుకు తవుడు పెట్టే రైతుకు ఉండనట్టే. "నాకూ వయసాయె. మొగం జారిపాయ. టేపులో పడితే ఇంక యాడికీ పోదు కదప్పా. నేను సచ్చినా నవ్వుతానే ఉంటాది. అది నువ్వు బాగా తియ్యల్ల. మిగిలిందంతా గబ్బు పట్టినా సరే."

"మరి టీవీలో వేస్తే వదిన చూడదా?"

"మా ఇంట్లో టీవీ యాడుండాది?"

నేను బస్సెక్కాను. ఎవరి మొహం ఎవరి మీద ఉందో చూసుకోవడం వీడియో తీసేవాడి పని కాదు. నాకు అడ్వాన్సు కూడా అందింది.

షూటింగు తళి పక్కన ఒక పూలతోటలో పెట్టుకున్నాం. మొదటి షాటులోనే తెలిసింది మేము ఏం తలకెత్తుకున్నామో. మా పక్క స్టేజీలకు ముందువైపు పైనుంచి మైకు వేలాడదీస్తారు. ఎవరికి డైలాగు వస్తే వాళ్ళు ముందుకు నడిచి మైకు కింద నిలబడి చెప్పి, మళ్ళీ వెనక్కి పోవాలి. పుట్టినప్పటి నుంచి అట్లా ఆడినవాళ్ళు. తోటలో మైకు లేదు. అయినా హీరో ప్రేమమాట చెప్పాలనగానే హీరోయిన్‌ను వదిలేసి, గట్టిగా నడుచుకుంటూ కెమెరా ముందుకు వచ్చి, మెడ పైకెత్తి, లేని మైకులో "నీవు లేక నేను లేను" అని అరిచి, తిరిగి వెనక్కి పోయి ఆమె చెయ్యి పట్టుకునేవాడు. హీరో జవళగిరి రైతు, చేతులు పలుగు పట్టినవి. ఎంత చెప్పినా అంతే. జనానికి వీపు చూపించకూడదని మరో నియమం, కాబట్టి ప్రేమంతా పక్కకు నడుస్తూనే. ఒక పూట వృథా అయినాక హీరోయినప్పే మార్గం చెప్పాడు. "వానికి మైకు కట్టండప్పా. మైకు లేకుంటే వాడు మొగుడు కాడు."

జామచెట్టు కొమ్మకు చెడిపోయిన మైకు ఒకటి వేలాడదీశాం. ఇద్దరికీ మధ్యలో. హీరో కుదిరాడు. సినిమాలో ప్రతి ప్రేమ సీనులో పూల మధ్య ఆ మైకు ఊగుతూ ఉంటుంది. తోట యజమాని మధ్యలో వచ్చి, స్టేజీ మీద మెచ్చి కప్పినట్టే హీరోకి తువ్వాలు కప్పాడు. ఆ షాటు తీసేస్తే తోట ఇవ్వనన్నాడు. అదీ సినిమాలో ఉంది.

ఇంత గందరగోళంలోనూ హీరోయినప్ప మైకు వైపు కన్నెత్తి చూడలేదు. కెమెరా అంటే ఏమిటో ఆయన ఒక్కడికే తెలిసింది. తీయబోయే నవ్వు కోసం ఆ పొద్దు రెండుసార్లు గడ్డం గీయించుకున్నాడు, పై పెదవి మీద వెంట్రుకలు దారంతో లాగించుకున్నాడు. పెళ్ళిచీర కట్టుకుని వచ్చి, "ఎంత దగ్గరికి వస్తావు?" అని అడిగాడు. మొహం నిండుగా పడేంత అన్నాను. ఆయన తల ఊపాడు.

స్టేజీ మీద దూరం నుంచి భుజాలే కనిపించేవి. దగ్గరికి పోతే ఇంకా ఉంది. కొంగు అడ్డం వచ్చేముందు ఒక్క క్షణం పై పెదవి లేచి, ముందుపళ్ళు బయటపడి, ఆ పళ్ళకు తనే భయపడినట్టు చెయ్యి పరిగెత్తుకుని వస్తుంది. ఆయన పళ్ళు మామూలువే. అయినా ఎత్తుపళ్ళు కనిపించినాయి. అంత బాగా నేను జీవితంలో ఇంకేమీ తీయలేదు. తోటలో పని చేసే ఆడవాళ్ళు బుట్టలు కింద పెట్టి చూస్తూ నిలబడిపోయినారు. ఒక్క టేకులో అయిపోయింది.

ఉగాది మధ్యాహ్నం వేశారు. వాళ్ళ ఇంట్లో ఒబ్బట్ల భోజనానికి నన్ను పిలిచారు. పోయేసరికి నట్టింట్లో కొత్త టీవీ ఉంది. వదిన తమ్ముడు ముందురోజే పట్నం నుంచి మోసుకొచ్చి వైరు లాగించాడట. "బావ సినిమా అక్క సూడద్దా?" అని మీసం దువ్వుతున్నాడు. హీరోయినప్ప టీవీ పక్కన నిలబడి ఉన్నాడు. ఆయనకు ఏ వేషమూ దొరకని మొహం నేను చూసింది అప్పుడే. ఒకసారి వైరు లాగబోయాడు, బావమరిది "షాకు కొడతాది బావా" అని చెయ్యి తీసేశాడు.

చుట్టుపక్కల ఆడవాళ్ళంతా వచ్చి కూర్చున్నారు. వదిన ముందువరసలో, గోడకు ఆనుకుని. మైకు కనిపించినప్పుడల్లా అందరూ నవ్వారు, తువ్వాలు కప్పినప్పుడు చప్పట్లు కొట్టారు. వదిన కూడా నవ్వుతోంది, కొంగు మూతి మీదే ఉంది. భర్త అంత బాగా చీర కడతాడని ఆమె అప్పుడే చూడటం. "నా కంటే బాగా కట్టినాడు సూడు," అని పక్కావిడతో అంది. గర్వంగానే అంది.

చెంబుకు మీసం అతుక్కుంది. హీరోయిన్ నవ్వింది, టీవీ నిండా.

ముందు అందరూ ఒకేసారి నవ్వారు. తరువాత ముందువరసలో ఉన్న ముసలామె ఒకతి తల తిప్పి వదినను చూసింది. మళ్ళీ టీవీ చూసింది. మళ్ళీ వదినను. "అయ్యో, ఇది మనామె నవ్వే కదే!" అంది. ఒక్కొక్క తలే తిరిగింది. సినిమాకు నవ్విన దానికంటే పెద్దగా నవ్వారు ఈసారి. ఒకామె తొడ చరుచుకుంది. తమ్ముడు కూడా నవ్వాడు.

వదిన అప్పటికే నవ్వులో ఉంది. చెయ్యి లేచి ఉంది, కొంగు మూతి మీద ఉంది, ఒళ్ళు సగం గోడవైపు తిరిగి ఉంది, భుజాలు పైన ఉన్నాయి. టీవీలోనూ అవే భుజాలు, ఆమె పెళ్ళిచీరే. చూపులన్నీ తన మీద పడినాక ఆమె అట్లే ఆగిపోయింది. చెయ్యి దించాలంటే కూడా దారి లేదు, దించితే పళ్ళు కనిపిస్తాయి. కొంచెంసేపటికి దించింది. పళ్ళు కనిపించేటట్టే పెట్టుకుని చెయ్యి ఒళ్ళో వేసుకుంది.

"మూతి మూసుకొని నవ్వమనింది నువ్వే కదయ్యా," అంది ఆయనవైపు తిరిగి, మెల్లగా. "పెండ్లయిన కొత్తలో. నీ పండ్లు సూస్తే అన్నం దిగలేదంటివి. అప్పట్నుంచే కదా ఇట్ల నవ్వేది."

వదిన లేచి, విస్తళ్ళు వేసి, అందరికీ ఒబ్బట్లు వడ్డించింది. నాకు రెండోది కూడా వేసింది. నెయ్యి తక్కువ కాలేదు.

ఆ పూట నుంచి ఆమె నవ్వలేదు. ఊరు నాలుగు దినాలు చెప్పుకుని మర్చిపోతుందనుకున్నాను, ఊరు మర్చిపోయింది కూడా. ఆమె నవ్వలేదు. ఏడవడం, అరవడం, పుట్టింటికి పోవడం, ఏమీ లేదు. వంట చేసింది, పాలు పితికింది, నవ్వు మాత్రం ఇంట్లో నుంచి తీసేసింది. హీరోయినప్ప ఏం చేయలేదనుకోకండి. ఊర్లో వాళ్ళనందరినీ వాకిట్లోకి తెచ్చి నడిపించాడు. పూజారిని చేశాడు, ఎద్దుల బేరగాణ్ణి చేశాడు, ఒక కన్ను మూసుకుని నన్ను చేశాడు. నేనున్నప్పుడే చేశాడు. ఆమె గింజలు చెరుగుతూ అంతా చూసేది. అయినాక "అయిందా? కాళ్ళు కడుక్కో, అన్నం పెడతాను," అనేది. ఆటలో హీరో పడిన పాట్లన్నీ ఈయన పడినాడు. చెంబుకు అతుక్కునే మీసం ఒక్కటే లేదు.

ఆట కూడా పోయింది. కల్లావి వైపు ఒక ఊర్లో ఆడుతుంటే నవ్వు సీను రాగానే వెనకనుంచి ఆ సంగతి విన్నవాడెవడో "వదినా, బాగుండావా?" అని అరిచాడట. ఈయన చెయ్యి సగంలో ఆగింది. ముందు భుజమా, చెయ్యా అని మర్చిపోయినాడు. ఇంటికి పోయి చూసుకుందామంటే ఇంట్లో ఆ నవ్వే లేదు. ఆ తరువాత చీర కట్టలేదు. కేబుల్ ఓనరు మాత్రం ప్రతి పండక్కీ సినిమా వేసేవాడు. వదిన ప్రతిసారీ చూసేది. గోడకు ఆనుకుని, కన్ను ఆర్పకుండా, ఆయన్నే చూసేది.

ఆయనకు పక్షవాతం కొట్టినాక ఒకసారి చూడటానికి పోయినాను. రెండువేలు దాటిన కాలం, నా చేతికి డిజిటల్ కెమెరా వచ్చిన కొత్త. వాకిట్లో మంచం, కుడిచెయ్యి చచ్చుబడింది, మూతి ఎడమకు పోయింది. పరామర్శకు వచ్చిన ఆడవాళ్ళు అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఎట్లుండాడు అని వాళ్ళలో ఒకామె అడిగింది.

"ఇట్లుండాడు," అంది వదిన.

లేచి నిలబడింది. కుడిభుజం జార్చింది, మూతి ఎడమకు లాగింది. నీళ్ళు కావాలని ఆయన అడిగే తీరు చేసి చూపించింది. ముందు కోపంగా, తరువాత బతిమాలుకుంటూ, చివరికి ఆ బతిమాలినందుకు తన మీద తనే కోపంగా. పాత దర్జా కూడా పోనివ్వలేదు, చచ్చుబడ్డ చేత్తో కొంగు సర్దుకోబోయింది, మంచం మీద ఆయన ఇప్పటికీ చేస్తాడట అట్లా. అరుగు మీది ఆడవాళ్ళు చేతులు అడ్డం పెట్టుకున్నారు, ఆగలేదు, పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. అంత బాగుంది. నవ్వుతూనే ఆయన్ను చూశాను, ఆయన మాట ఒకటి గుర్తొచ్చి. కోపముంటే గోరు కూడా కనపడతాది. ఆమె గోరు కూడా వదల్లేదు.

ఆయన మంచం మీద నుంచి కళ్ళు ఇంత చేసుకుని చూస్తున్నాడు. మూతి కదిలించాడు. మాట ముద్దగా వచ్చింది, వదిన తప్ప ఎవరికీ అర్థం కాలేదు. నా కోసమని ఆమే తిరిగి చెప్పింది.

"చెయ్యి ఇంకా కిందికుండల్లంట."

చెయ్యి ఇంకొంచెం జార్చింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇంకా జార్చింది, వేళ్ళు లోపలికి ముడిచింది.

"ఆఁ," అన్నాడు. "ఇప్పుడొచ్చె."

ఇది నాకూ అర్థమైంది. ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. జబ్బు వల్లనో దేనివల్లనో నేను చెప్పలేను. వదిన మూతి కొంచెం కదిలింది. చెయ్యి లేవబోయింది. లేవలేదు. చెంబు తెచ్చి ఆయనకు నీళ్ళు తాగించింది.

ఆ తరువాత ఆయన్ను చూసింది లేదు. ఇప్పుడు ఫోటో కోసం ఆమె నా ముందు నిలబడి ఉంది.

టేపును ఎప్పుడో సీడీలోకి ఎక్కించి పెట్టుకున్నాను. కంప్యూటరులో వేసి, నవ్వు దగ్గర ఆపాను. ఆయన మొహం నిండుగా, స్పష్టంగా ఉన్నది అక్కడే. చీర కనపడకుండా మెడ దాకా కోసి, పౌడరు తగ్గించి, చొక్కా అతికిస్తే సరిపోతుందని లెక్క వేసుకున్నాను. మా పనిలో అది మామూలే, బతికినన్నాళ్ళూ కోటు తొడగనివాళ్ళు కూడా గోడమీద కోట్లతోనే ఉంటారు. తెర ఆమెవైపు తిప్పాను.

"ఇది బాగుంటుంది వదినా. మొహం కళగా ఉంది."

ఆమె వంగి చూసింది. పై పెదవి లేచి ఉంది, కొంగు ఇంకా దారిలో ఉంది. ఆమె వేలు తెర దాకా పోయింది గానీ తాకలేదు.

"ఇది ఆయన కాదప్పా. ఇది నేను," అంది. "ఆయనది ఉంటే తియ్యి."

మళ్ళీ బీరువాలో వెతికితే పాత నెగటివుల డబ్బా అడుగున పాస్‌పోర్టు ఫోటో దొరికింది. మొదటిరోజు స్టూలు మీద తీసింది. ఎవరినీ చేయకుండా, ఊరికే కెమెరాను చూస్తున్న మొహం. ఆ మొహం చూస్తే ఆయన్ను ఎరిగినవాళ్ళు కూడా గుర్తుపట్టరు. ఆమె మాత్రం వెంటనే, ఇదే, ఇది సాలు అంది.

నేను తెర ఆపేయబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"దాన్ని తీసెయ్యాకు. అదీ ఒకటి పెద్దది చేసి ఎత్తిపెట్టు. నాకూ ఒంటి ఫోటో లేదు. రేపు నేను పోతే మావాళ్ళు నీ తానకే వస్తారు, అప్పుడియ్యి."

ప్రింటు తీసి కవరులో పెట్టాను. కవరు మీద ఎవరి పేరు రాయాలో తెలియక పెన్ను పట్టుకుని ఆమెవైపు చూశాను.

"నా పేరే రాయప్పా," అంది. రాశాను.